ఇంగ్లీషు మాట ఒకటే, స్పానిష్‌లో ఏది వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పానిష్ నేర్చుకునే తెలుగువారు అడిగే సందేహాలు చాలావరకు ఒకే చోట పుడతాయి. చేతిలో ఇంగ్లీషు నామవాచకం ఒకటి ఉంటుంది. నిఘంటువు తెరిస్తే దానికి ఎదురుగా నాలుగైదు స్పానిష్ మాటలు కనిపిస్తాయి. వాటిలో ఏది మనది? ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి ఒక చోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

స్పానిష్ మాటలను పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను. ఆ భాషలో ‘వి’ అక్షరం కూడా ‘బ’లాగే పలుకుతుంది, ‘హెచ్’ పలకదు. ‘జడ్’ అక్షరానికి లాటిన్ అమెరికా పద్ధతిలో ‘స’ రాశాను. త, ద మాత్రం అచ్చంగా మన త, ద లే. వాటిని ట, డ చేయకండి.

## మాట వెతికే ముందు

ఒక ఇంగ్లీషు మాటకు ఒక స్పానిష్ మాట ఉంటే సరిపోతుంది కదా, ఇన్ని ఎందుకు?

ప్రతి భాషా లోకాన్ని తనకు నచ్చినట్టు పంచుకుంటుంది. ఇంగ్లీషులో ‘గ్లాస్’ అంటే పదార్థమూ అదే, నీళ్ళు తాగే పాత్రా అదే. స్పానిష్‌లో నీళ్ళు తాగేది ‘బాసో’. కింద సన్నని కాడ ఉన్నదైతే ‘కోపా’. పదార్థం ‘బీద్రియో’. కిటికీకి బిగించిన పలకను స్పెయిన్‌లో ఎక్కువగా ‘క్రిస్తాల్’ అంటారు. కళ్ళకు పెట్టుకునేవి స్పెయిన్‌లో ‘గాఫాస్’, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘లెంతెస్’ లేదా ‘ఆంతెయోహోస్’.

బంతి తగిలి కిటికీ ‘బాసో’ పగిలిందని ఒక విద్యార్థి రాశారు. వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా చదివిన స్పానిష్‌వారికి కిటికీ గట్టు మీద పెట్టిన నీళ్ళ గ్లాసు కళ్ళ ముందు కదులుతుంది. ఆ విద్యార్థి తెలుగులో ఆలోచించి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. మనకు గాజు వేరు, గ్లాసు వేరు, కిటికీ అద్దం వేరు, కళ్ళజోడు వేరు.

అయితే ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు నుంచే స్పానిష్‌కు వెళ్ళవచ్చా?

చాలాసార్లు వెళ్ళవచ్చు, వెళ్ళాలి కూడా. ఇంగ్లీషు ‘వుడ్’ను స్పానిష్ మూడుగా విడదీస్తుంది. మనమూ సరిగ్గా అక్కడే విడదీస్తాం. ‘మదేరా’ అంటే కలప, ‘లేన్యా’ అంటే పొయ్యిలోకి కట్టెలు, ‘బోస్కే’ అంటే అడవి. ‘లెటర్’ కూడా అంతే. ‘లేత్రా’ అక్షరం, ‘కార్తా’ ఉత్తరం. ‘నెయిల్’ను చూడండి. వేలికి ఉండే గోరు ‘ఊన్యా’, గోడకు కొట్టే మేకు ‘క్లాబో’. (లవంగాన్నీ ‘క్లాబో’ అనే అంటారు. దాని ఆకారం మేకును పోలి ఉండటమే కారణం.)

అయితే తెలుగు అన్నిచోట్లా దారి చూపదు. మూల, చేప, కాలు వంటి మాటల్లో మనం కలిపేసిన వాటిని స్పానిష్ విడదీస్తుంది. అందుకని ఇంగ్లీషు మాటను చూసిన వెంటనే ‘ఇది తెలుగులో ఏమిటి?’ అని ఒకసారి అడగండి. జవాబు రెండు మూడు మాటలుగా చీలితే స్పానిష్‌లోనూ చీలుతుందేమో వెతకండి. చీలకపోయినా స్పానిష్ వైపు నుంచి ఒకసారి సరిచూసుకోండి.

## నిఘంటువు తెరిచాక

నిఘంటువులో మొదట కనిపించిన మాటనే వాడితే తప్పా?

మొదటి మాట సాధారణంగా ఎక్కువ వాడుకలో ఉన్న అర్థానికి చెందుతుంది. మీరు చెప్పదలచుకున్నది ఆ అర్థమే అవునో కాదో నిఘంటువుకు తెలియదు. ‘బిల్’ అని వెతికారనుకుందాం. భోజనం ముగించి అడిగేది ‘కుయేంతా’. వ్యాపార సంస్థ పంపేది ‘ఫక్తూరా’. కరెన్సీ నోటు ‘బియేతే’. పార్లమెంటు ముందుకు వచ్చేది ‘ప్రొయేక్తో దే లేయ్’. పక్షి ముక్కు ‘పీకో’.

దీనికి తిరుగులేని ఉపాయం ఒకటుంది. దొరికిన స్పానిష్ మాటను పట్టుకుని వెనక్కి రండి, అంటే స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు ఇచ్చే భాగంలో వెతకండి. ‘పీకో’ దగ్గర పక్షి ముక్కు, కొండ శిఖరం, తవ్వే గునపం కనిపిస్తాయి. మీకు కావలసింది భోజనం బిల్లు అయితే ఆ మాట మీది కాదని అక్కడే తేలిపోతుంది. దీనికి పట్టేది అర నిమిషం. ఈ అర నిమిషం ఖర్చుపెట్టే అలవాటు ఉన్నవారు ఎంత త్వరగా ముందుకు వెళతారో నేను చూశాను.

మాట పక్కన ఉండే పొట్టి అక్షరాలు దేనికి?

ఎంపికలో సగం పని అవే చేస్తాయి. ‘ఎమ్’ అంటే పుంలింగం, ‘ఎఫ్’ అంటే స్త్రీలింగం. ‘ఎస్ప్’, ‘మెక్స్’, ‘ఆర్గ్’ వంటివి ఆ మాట వాడే దేశాన్ని చెబుతాయి. ‘కొలోక్’ అంటే మాటల్లో మాత్రమే వాడేది. ‘దెసుస్’ అంటే వాడుక తప్పినది. ‘మల్సోన్’ అని ఉంటే అది నలుగురిలో అనకూడని మాట. తొందరలో చాలామంది వీటిని దాటేసి నేరుగా అర్థం దగ్గరికి వెళ్ళిపోతారు. ముందు వీటిని చూసి, తర్వాత అర్థం చదవండి.

ఏ నిఘంటువును నమ్మాలి?

మొదట్లో మంచి ద్విభాషా నిఘంటువు చాలు. కొంత పట్టు వచ్చాక స్పానిష్‌కు స్పానిష్‌లోనే అర్థం చెప్పే నిఘంటువుకు మారండి. స్పానిష్ రాజ అకాడమీ 1713లో మాడ్రిడ్‌లో మొదలైంది. దాని నిఘంటువు 23వ కూర్పు 2014లో వచ్చింది. అది అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. లాటిన్ అమెరికా మాటలకు ఇతర దేశాల అకాడమీలతో కలిసి 2010లో వెలువరించిన అమెరికా పదాల నిఘంటువు ఉంది.

చేతితో పట్టుకోగల వస్తువు అయితే నిఘంటువు కన్నా బొమ్మలు మేలు. స్పానిష్ మాటను బొమ్మల వెతుకులాటలో కొట్టండి. ‘కోపా’ అని కొడితే కాడ ఉన్న గ్లాసులే వరుసగా వస్తాయి, గెలిచినవారికి ఇచ్చే కప్పులతో సహా. ఆ కప్పునూ ‘కోపా’ అనే అంటారు.

అనువాద యంత్రం ఇచ్చిన మాట సరిపోదా?

ఒంటరి మాటను ఇస్తే అది ఊహించి చెబుతుంది. పూర్తి వాక్యం ఇస్తే చాలా మెరుగ్గా చెబుతుంది. ఎందుకంటే ఎంపికకు కావలసిన సంగతి వాక్యంలోనే ఉంటుంది. అయినా వచ్చిన మాట ఏ దేశపు వాడుకో అది సాధారణంగా చెప్పదు. ఆ పని మీరే చేసుకోవాలి.

## ఎక్కువగా తికమక పెట్టే మాటలు

‘కార్నర్’ అంటే ‘ఎస్కీనా’నా, ‘రింకోన్’నా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ఇదే. రెండు గోడలు కలిసే చోటును ఊహించుకోండి. మీరు గది లోపల నిలబడి చూస్తే అది ‘రింకోన్’. అదే చోటును బయట వీధిలో నిలబడి చూస్తే ‘ఎస్కీనా’. ఇటుకలు అవే, గోడలు అవే. మారింది మీరు నిలుచున్న చోటు మాత్రమే.

చీపురును ఆనించి పెట్టేది రింకోన్‌లో. స్నేహితుడి కోసం ఎదురుచూసేది వీధి ఎస్కీనాలో. నడుస్తుంటే నడుముకు తగిలే బల్ల మూల ఎస్కీనా. సందేహం వస్తే చేతిని ఊహించుకోండి. చెయ్యి లోపలికి ఒదిగితే రింకోన్, చేతికి గుచ్చుకుంటే ఎస్కీనా. రింకోన్‌కు మరో అందమైన అర్థం కూడా ఉంది. నలుగురూ తిరగని, మనసుకు హాయినిచ్చే మారుమూల చోటునూ అలాగే పిలుస్తారు.

‘టైమ్’కు ఎన్ని మాటలున్నాయి? ఎప్పుడు ఏది?

నిత్యం వాడేవి ఐదు. ‘తియెంపో’ అంటే గడిచిపోయే సమయం. నాకు తీరిక లేదు అనడానికి ‘నో తెంగో తియెంపో’ అంటారు. ‘ఓరా’ అంటే గడియారం చూపే గంట. ఎంతైంది అని అడిగేటప్పుడు ‘కే ఓరా ఎస్’. ‘బేస్’ అంటే సారి. మూడుసార్లు అంటే ‘త్రేస్ బేసెస్’. ‘రాతో’ అంటే కాసేపు. ‘ఎపోకా’ అంటే ఫలానా రోజులు, ఫలానా కాలం అనే అర్థం.

ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు తియెంపోకూ బేస్‌కూ మధ్య ఏళ్ళ తరబడి తడబడతారు. తెలుగువారికి ఆ అవసరం లేదు. ‘సారి’ అనే చోట ‘బేస్’ పెట్టండి, ‘కాసేపు’ అనే చోట ‘రాతో’ పెట్టండి. ‘వేళైంది’ అనాలనుకుంటే ‘యా ఎస్ ఓరా’. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. వాతావరణాన్ని కూడా ‘తియెంపో’ అనే అంటారు. ‘ఆసే బువెన్ తియెంపో’ అంటే మంచి సమయం నడుస్తోందని కాదు, ఈరోజు వాతావరణం బాగుందని.

చేపను ‘పేస్’ అనాలా, ‘పెస్కాదో’ అనాలా?

నీటిలో ఈదుతుంటే పేస్. పట్టి, తినడానికి తెచ్చాక పెస్కాదో. ‘పెస్కాదో’ అంటే అసలు ‘పట్టబడినది’ అని. పేస్‌కు బహువచనం ‘పేసెస్’.

గోడకు ఇన్ని పేర్లేమిటి?

ఇంట్లో పటం తగిలించే గోడ ‘పరేద్’. మందంగా, ఆరుబయట నిలిచేది ‘మూరో’. ఊరినో కోటనో చుట్టి కాపాడేది ‘మురాయా’. తోట చుట్టూ కట్టే ప్రహరీ ‘తాపియా’. పేర్లు వింటే తేడా వెంటనే మనసుకు పడుతుంది. 1989లో తెరుచుకున్న బెర్లిన్ గోడ స్పానిష్‌లో ‘మూరో దే బెర్లీన్’. చైనా మహాకుడ్యం ‘గ్రాన్ మురాయా చీనా’. స్పెయిన్‌లోని ఆబిలా నగరాన్ని చుట్టిన మధ్యయుగపు ప్రాకారాలను ‘మురాయాస్’ అంటారు. ఈ మూడింటిలో దేన్నీ ‘పరేద్’ అనరు.

కాలుకు ‘పియెర్నా’, ‘పాతా’, ‘పియే’లలో ఏది?

తొడ నుంచి కిందికి మనిషి కాలు ‘పియెర్నా’. చీలమండ కింద, నేలకు ఆనే పాదం ‘పియే’. జంతువు కాలు ‘పాతా’. బల్లకూ కుర్చీకీ ఉండే కాళ్ళు కూడా ‘పాతా’లే. మనిషి కాలును పాతా అంటే చనువో, మోటుతనమో ధ్వనిస్తుంది.

అయినా మనుషుల గురించే చెప్పే ఒక జాతీయంలో పాతా స్థిరపడిపోయింది. ‘మెతేర్ లా పాతా’ అంటే కాలు లోపల పెట్టడం. అర్థం మాత్రం మన ‘తప్పులో కాలేయడం’. ఇంత దగ్గరి జాతీయం దొరికినప్పుడు దాన్ని వదలకండి, ఆ మాట ఇక మరిచిపోరు.

‘కీ’ అంటే తాళంచెవేనా?

తలుపు తెరిచేది ‘యాబే’. కంప్యూటర్ మీద, పియానో మీద నొక్కేది ‘తెక్లా’. రహస్యాన్నో సమస్యనో విప్పేది ‘క్లాబే’. రహస్య పదాన్ని కొన్ని దేశాల్లో క్లాబే అనీ, అన్నిచోట్లా అర్థమయ్యేలా ‘కొంత్రసేన్యా’ అనీ అంటారు.

వెంట్రుకలు, తొక్కలు, పెంకులు: వీటిని ఎలా విడదీయాలి?

‘పేలో’ మనుషులకూ జంతువులకూ చెల్లుతుంది. ‘కబేయో’ మనిషి తల జుట్టుకు మాత్రమే, కొంచెం మర్యాదైన మాట. ఒంటి మీది సన్నని రోమాలు ‘బేయో’. నెరిసిన వెంట్రుకకు ‘కానా’ అని విడిగా పేరుంది.

మనిషి చర్మం ‘పియెల్’, ద్రాక్ష వంటి పండ్ల పలుచని తోలూ అదే. గుడ్డు పెంకు, కాయల గట్టి తొక్క ‘కాస్కరా’. చెట్టు బెరడు ‘కోర్తేసా’, రొట్టె పైపొరకూ అదే మాట. తాబేలు చిప్ప ‘కపరసోన్’.

బాబాయి, మామయ్య, వదిన, మరదలు: స్పానిష్‌లో వీటికి మాటలున్నాయా?

ఇక్కడ స్పానిష్ మన కన్నా చాలా పొదుపరి. పెదనాన్న, బాబాయి, మామయ్య అందరూ ‘తీయో’. పెద్దమ్మ, పిన్ని, అత్తయ్య అందరూ ‘తీయా’. మేనబావ అయినా, పెదనాన్న కొడుకైనా ‘ప్రీమో’. వదిన, మరదలు, ఆడపడుచు అందరినీ ‘కున్యాదా’ అనే మాట చుట్టేస్తుంది. తండ్రి తరఫా తల్లి తరఫా అని చెప్పాలంటే దాన్ని విడిగా వివరించాలి.

అయితే ఇంగ్లీషు చేతులెత్తేసే చోట స్పానిష్ మనకు చేయి అందిస్తుంది. వియ్యంకుడు ‘కొన్సుయేగ్రో’, వియ్యపురాలు ‘కొన్సుయేగ్రా’. తోడల్లుడు ‘కొంకున్యాదో’, తోడికోడలు ‘కొంకున్యాదా’. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవారికి ఈ నాలుగు మాటలూ ఎప్పటికీ ఎదురుకావు. ఎందుకంటే వెతకడానికి వారి దగ్గర ఇంగ్లీషు మాటే లేదు.

మరో రెండు మాటలు. తల్లిదండ్రులిద్దరినీ కలిపి ‘పాద్రెస్’ అంటారు. విడిగా చూస్తే అది తండ్రి అనే మాటకు బహువచనం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి ఉంటే ‘ఎర్మానోస్’. కాబట్టి ఎవరైనా తమకు ముగ్గురు ఎర్మానోస్ ఉన్నారంటే అందరూ మగపిల్లలేనని అనుకోనక్కరలేదు.

ఒకే స్పానిష్ మాటకు రెండు అర్థాలు ఉంటే ఎలా తెలుసుకోవాలి?

పక్కనున్న క్రియ చెబుతుంది. ‘సుయేన్యో’ అంటే నిద్ర, కల కూడా. ‘తెంగో సుయేన్యో’ అంటే నిద్ర వస్తోంది. ‘తూబే ఉన్ సుయేన్యో’ అంటే ఒక కల వచ్చింది. ‘ఇస్తోరియా’ చరిత్రా అవుతుంది, కథా అవుతుంది. ‘మున్యేకా’ బొమ్మా అవుతుంది, మణికట్టూ అవుతుంది. ‘దేదో’ చేతివేలికీ కాలివేలికీ ఒకటే. అది మనకు కొత్త కాదు.

## ఏ దేశపు మాట?

కంప్యూటరును స్పెయిన్‌లో ఒకలా, మెక్సికోలో ఒకలా ఎందుకు అంటారు?

స్పెయిన్ ఫ్రెంచి మాటను అనుసరించి ‘ఓర్దెనదోర్’ అంది. మెక్సికో, అర్జెంటీనా వంటి దేశాలు ఇంగ్లీషు వైపు చూసి ‘కొంపుతదోరా’ అన్నాయి. చిలీ, కొలంబియాలలో పుంలింగంలో ‘కొంపుతదోర్’. చేతి ఫోను స్పెయిన్‌లో ‘మోబిల్’, లాటిన్ అమెరికాలో ‘సెలులార్’. కారు స్పెయిన్‌లో ‘కోచే’, అర్జెంటీనా, చిలీలలో ‘ఔతో’, కొలంబియా, వెనిజులాలలో ‘కార్రో’. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ ఒక్కో దేశం ఒక్కో వైపు నుంచి పేరు తెచ్చుకుంది.

కలం సంగతి మరీ ఆసక్తికరం. బాల్‌పాయింట్ పెన్ను సాధారణంగా ‘బొలీగ్రఫో’. అర్జెంటీనాలో ‘బిరోమే’ అని కూడా అంటారు. ఆ పెన్నును రూపొందించిన హంగరీవాసి లాస్లో బీరో అర్జెంటీనాకు వలస వచ్చారు. ఆయన పేరులోని మొదటి భాగాన్నీ, భాగస్వామి మేయ్నే పేరులోని మొదటి భాగాన్నీ కలిపితే వచ్చిన మాట అది.

బస్సును ‘గ్వాగ్వా’ అంటారని విన్నాను, నిజమేనా?

నిజమే. క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్, కానరీ దీవులలో గ్వాగ్వా అంటే బస్సు. కానీ చిలీలో గ్వాగ్వా అంటే పసిపాప. ఆ మాట ఆండీస్ కొండల్లోని స్థానిక భాష కెచువా నుంచి వచ్చింది. కాబట్టి చిలీలో గ్వాగ్వా కోసం ఎదురుచూస్తున్నానని చెబితే విన్నవారు వేరే శుభాకాంక్షలు చెబుతారు. అన్నిచోట్లా అర్థమయ్యే మాట ‘ఔతోబూస్’. మెక్సికోలో దాన్ని ‘కమియోన్’ అనడమూ వింటారు. మిగతా దేశాల్లో ఆ మాటకు లారీ అని అర్థం.

పానీయం పీల్చే గొట్టానికి సరైన మాట ఏది?

ఎక్కడికక్కడ మారే మాటల్లో దీన్ని మించింది లేదేమో. స్పెయిన్‌లో ‘పహీతా’, అంటే చిన్న గడ్డిపరక. మెక్సికోలో ‘పొపోతే’, అది అక్కడి స్థానిక భాష నాహువాత్ల్ మాట. కొలంబియాలో ‘పితీయో’, పెరూలో ‘సోర్బేతే’, చిలీలో ‘బొంబీయా’. చిక్కు ఏమిటంటే, స్పెయిన్‌లో పితీయో అంటే సిగరెట్టు, బొంబీయా అంటే విద్యుత్ బల్బు. మీరు మాట్లాడేది ఏ దేశంవారితోనో దాన్ని మాత్రమే నేర్చుకోండి. అన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు.

కూరగాయలు, పండ్ల పేర్లు మాత్రం ఇంతగా ఎందుకు మారతాయి?

వాటిలో చాలావాటిని ఐరోపావారు మొదట చూసింది అమెరికా ఖండాల్లోనే. స్థానిక భాషల్లో విన్న పేర్లనే స్పానిష్‌వారు తీసుకున్నారు. మెక్సికో వైపు నాహువాత్ల్ నుంచి, ఆండీస్ వైపు కెచువా నుంచి, కరీబియన్ దీవుల్లో తాయినో నుంచి. అందుకే అవకాడో మెక్సికోలో ‘అగ్వకాతే’, పెరూ, చిలీ, అర్జెంటీనాలలో ‘పాల్తా’. లేత మొక్కజొన్న పొత్తు మెక్సికోలో ‘ఎలోతే’, దక్షిణాన ‘చోక్లో’. వేరుశనగ మెక్సికోలో ‘కకావాతే’, కరీబియన్‌లో, దక్షిణ అమెరికాలో ‘మనీ’. బంగాళాదుంప అమెరికా ఖండాల్లో ‘పాపా’. అదే స్పెయిన్‌లో ‘పతాతా’, అంటే పాపాకూ చిలగడదుంప పేరైన ‘బతాతా’కూ కలయిక. పటం మీద ఈ పేర్లను గుర్తించుకుంటూ వెళితే ఏ ప్రాంతంలో ఏ జాతి నివసించిందో కొంత కనిపిస్తుంది.

మరి నేను ఏ దేశపు మాటలు నేర్చుకోవాలి?

మీకు పని ఉన్న దేశానివి. అలాంటి దేశం ఏదీ లేకపోతే మీ ఉపాధ్యాయుడిదో, మీరు ఎక్కువగా వినేవారిదో ఒక దేశం ఎంచుకుని దానికే కట్టుబడండి. ఒక వాక్యంలో కోచే, మరో వాక్యంలో కొంపుతదోరా రావడం నేరం కాదు. మాట్లాడేది ఒక వాడుకలో, వింటే అర్థమయ్యేది అన్ని వాడుకల్లో అన్నది మంచి లక్ష్యం.

తెలియక అనకూడని మాట అనేస్తానేమోనని భయం. ఏం చేయాలి?

భయం కొంత సమంజసమే. ‘కోంచా’ స్పెయిన్‌లో సముద్రపు గవ్వ, ఆడవారి పేరు కూడా. అర్జెంటీనా, ఉరుగ్వే, చిలీలలో అది అసభ్యం. ‘బీచో’ చాలా దేశాల్లో పురుగు, ప్యూర్టో రికోలో అనకూడని మాట. కొత్త దేశంవారితో మాట్లాడేముందు ఇటువంటి మాటలను అమెరికా పదాల నిఘంటువులో ఒకసారి చూసుకోండి. పొరపాటున నోరు జారినా, మీరు కొత్తగా నేర్చుకుంటున్నారని ఎదుటివారికి తెలుస్తూనే ఉంటుంది.

## మాట దొరికాక

లింగం తప్పితే నిజంగా అర్థం మారిపోతుందా?

కొన్ని మాటల్లో పూర్తిగా మారుతుంది. ‘లా కపితాల్’ రాజధాని, ‘ఎల్ కపితాల్’ పెట్టుబడి. ‘లా కూరా’ చికిత్స, ‘ఎల్ కూరా’ చర్చి పూజారి. ‘లా కొమేతా’ గాలిపటం, ‘ఎల్ కొమేతా’ తోకచుక్క. ‘లా ఓర్దెన్’ ఆజ్ఞ, ‘ఎల్ ఓర్దెన్’ వరుసక్రమం. ‘లా పాపా’ బంగాళాదుంప, ‘ఎల్ పాపా’ పోప్. అందుకే మాటను ఎప్పుడూ ముందున్న ‘ఎల్’ లేదా ‘లా’తో కలిపి ఒకే ముక్కగా నేర్చుకోవాలి.

చెట్టు, పండు జంటలూ ఇలాంటివే. ‘మన్సానా’ యాపిల్ పండు, ‘మన్సానో’ యాపిల్ చెట్టు. ‘నరాన్హా’ నారింజ పండు, ‘నరాన్హో’ చెట్టు. చివరి అచ్చు మారితే చాలు.

ఇంగ్లీషులో బహువచనం లేని మాటకు స్పానిష్‌లో ఉంటుందా?

తరచుగా ఉంటుంది, తెలుగులో ఉన్నట్టే. మనం ఒక సలహా, రెండు సలహాలు అంటాం. స్పానిష్‌లో ‘ఉన్ కొన్సేహో’, ‘దోస్ కొన్సేహోస్’. వార్త, వార్తలు అన్నట్టే ‘నొతీసియా’, ‘నొతీసియాస్’. జనం అనే ‘హెంతే’ మాత్రం ఏకవచనం. ఎంతమంది ఉన్నా క్రియ ఒకరికి పెట్టినట్టే పెట్టాలి.

‘ఇయా’, ‘ఈతా’ చేరిస్తే చిన్నది అని అర్థమే కదా?

ఎప్పుడూ కాదు. ‘బెంతానా’ ఇంటి కిటికీ. ‘బెంతనీయా’ అంటే చిన్న కిటికీ అనుకుంటారు, కానీ అది కారు, రైలు కిటికీ, కార్యాలయంలో డబ్బు కట్టే గవాక్షం కూడా. ‘మన్సనీయా’ చిన్న యాపిల్ కాదు, చామంతి జాతి పూల టీ. ఇలాంటివాటిని కొత్త మాటలుగానే లెక్కపెట్టండి.

ఇంగ్లీషు మాటలాగే కనిపిస్తే అదే అర్థం అనుకోవచ్చా?

నామవాచకాల్లో ఈ నమ్మకమే ఎక్కువగా దెబ్బతీస్తుంది. ‘లిబ్రెరీయా’ గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం, గ్రంథాలయం ‘బిబ్లియొతేకా’. ‘కార్పేతా’ కాగితాలు పెట్టుకునే ఫోల్డరు, తివాచీ ‘ఆల్ఫోంబ్రా’. ‘సోపా’ సూపు, సబ్బు ‘హబోన్’. ‘రోపా’ బట్టలు, తాడు ‘కుయేర్దా’. ‘ఎక్సితో’ విజయం, బయటికి వెళ్ళే దారి ‘సలీదా’. ‘పరియెంతే’ చుట్టం. ‘ఫాబ్రికా’ కర్మాగారం, గుడ్డ ‘తేలా’. ఇంతలా పోలిన మాట కనిపిస్తే సంతోషించకుండా ముందు అనుమానించండి.

మాట్లాడుతుండగా మాట గుర్తు రాకపోతే?

ఆ వస్తువు చేసే పని చెప్పండి. ‘లా కోసా పారా...’ అంటే ‘ఫలానా దానికి వాడే వస్తువు’. ఆ తర్వాత క్రియ చేర్చండి. స్పానిష్ కూడా తన మాటలను ఇలాగే కట్టుకుంది. గొడుగు ‘పరాగ్వాస్’, నీళ్ళను ఆపేది. డబ్బా మూత తీసే పరికరం ‘అబ్రెలాతాస్’, డబ్బాలు తెరిచేది. ఆకాశహర్మ్యం ‘రస్కసియేలోస్’, ఆకాశాన్ని గీకేది. మీరు పని వర్ణిస్తుంటే ఎదుటివారే మాట అందిస్తారు. అలా అందిన మాట ఎక్కువ కాలం నిలుస్తుంది.

నోటు పుస్తకంలో ఎలా రాసుకోవాలి?

రెండు నిలువు వరుసలు గీసి ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు స్పానిష్ రాసే పద్ధతి మానేయండి. తికమకలన్నీ ఆ గీత దగ్గరే మొదలవుతాయి. ఒక పేజీలో ఇంటి బొమ్మ వేయండి. లోపల చీపురు ఆనించిన చోట రింకోన్, బయట వీధి మలుపులో ఎస్కీనా, పటం వెనక పరేద్, తోట చుట్టూ తాపియా, బల్ల కింద పాతా, కుర్చీలో కూర్చున్న మనిషికి పియెర్నా అని రాయండి. ప్రతి మాటకూ ముందు ‘ఎల్’, ‘లా’ చేర్చండి. పేజీలో ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాయకండి.